సీడీ ప్లేయర్ ట్రే బయటికి రావడం లేదు, లోపల భజన మండలి సీడీ ఇరుక్కుంది

పానగల్_పిల్లగాడు | ఆదివారం, ఉదయం 10:40

అన్నలూ అక్కలూ, నమస్తే. పని పడితేనే ఇటు వస్తానని తిట్టకండి. మా ఇంట్లో 2003లో కొన్న సీడీ ప్లేయర్ ఉంది, ఒక్క సీడీ పట్టే రకం. కంపెనీ పేరు రాయను, ఇన్నేళ్లు పనిచేసిన దాన్ని ఇప్పుడు బద్నాం చేయడం ఎందుకు. మా నాయిన రోజూ పొద్దున ఐదింటికి దీంట్లో భజనలు పెడతాడు, మా వాడకట్టులో సగం మంది ఆ చప్పుడుకే లేస్తారు. మొన్న శుక్రవారం నుంచి ఓపెన్ బటన్ నొక్కితే లోపల గుర్‌ర్‌ర్ అని రెండు మూడు సెకన్లు మోగుతుంది, డిస్‌ప్లే మీద ఓపెన్ అని పడి మళ్లీ క్లోజ్ అని పడుతుంది, ట్రే మాత్రం వెంట్రుకంత కూడా కదలదు.

అసలు కిరికిరి ఏందంటే లోపల ఉన్న సీడీ మాది కాదు. భజన మండలి పెద్దమనిషి దగ్గర అడిగి తెచ్చింది. ఎప్పుడో గుడి దగ్గర వాళ్లే పాడుకుని రికార్డు చేయించుకున్నారు, ఇంకో కాపీ లేదట. గురువారం శ్రీరామనవమి, ఆ లోపల ఇచ్చేయాలి. పాలకు పోయినప్పుడల్లా "సీడీ ఏమాయె" అని అడుగుతున్నాడు, రెండు రోజుల నుంచి నేను దారి మార్చి చుట్టూ తిరిగి పోతున్నా.

ఇప్పటిదాకా చేసిన వైద్యం: నాయిన పైన రెండు దెబ్బలు వేశాడు, ట్రే సందులోంచి దబ్బనం పెట్టాడు. అంతకు మించి ఏమీ చేయలేదంటున్నాడు. నాకు స్క్రూలు విప్పడం వచ్చు, సోల్డరింగ్ రాదు. ఏం చేయాలి?

జడ్చర్ల_జంక్షన్ | ఆదివారం, ఉదయం 10:58

చాలా ఈజీ భయ్యా. ముందు భాగంలో ట్రే కింద చిన్న చిల్లు ఉంటుంది చూడు, పేపర్ క్లిప్ నిలువుగా చాపి దాంట్లోకి గుచ్చితే ట్రే టక్కున బయటికి వస్తుంది. నేను ఆఫీసులో ఎన్నిసార్లు చేశానో.

పానగల్_పిల్లగాడు | ఆదివారం, ఉదయం 11:10

టార్చి వేసి చూశానన్నా, చిల్లు లేదు. హెడ్‌ఫోన్ చిల్లు ఒకటే ఉంది.

పాత_రేడియో | ఆదివారం, ఉదయం 11:31

జంక్షన్ తమ్మీ, ఆ చిల్లు కంప్యూటర్లో వచ్చే డ్రైవ్‌కు. ఇంటి ప్లేయర్లలో మామూలుగా అది ఉండదు. కొన్నింటికి అడుగున చిన్న కిటికీ లాంటిది పెట్టి, అందులోంచి గేరు తిప్పుకునేలా చేస్తారు, కానీ అన్నింటికీ కాదు. పిల్లగాడి చేత హెడ్‌ఫోన్ చిల్లులో సూది గుచ్చించేవాడివి.

పిల్లగాడా, నేను మహబూబ్‌నగర్‌లో రేడియోలు, టేప్ రికార్డర్లు, తర్వాత వీసీడీలు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. ఇప్పుడు దుకాణం లేదు, నోరు ఒకటే ఉంది. నువ్వు రాసిన దాంట్లో మంచి కబురు ఒకటుంది, అది గుర్‌ర్‌ర్. చప్పుడు వస్తుందంటే మోటారుకు కరెంటు అందుతుంది, మోటారు తిరుగుతుంది. చప్పుడే లేకపోతే అప్పుడు మోటారు పోయిందా, దాన్ని నడిపే ఐసీ చిప్ పోయిందా, తీగ ఊడిందా అని మీటరు పట్టుకుని కూర్చోవాలి. మోటారు తిరిగి ట్రే కదలడం లేదంటే మోటారుకూ ట్రేకూ మధ్యలో ఉన్నదే తప్పు చేస్తున్నట్టు. మధ్యలో ఉండేది రబ్బరు బెల్టు. నా అనుభవంలో ఇట్లాంటివి పది వస్తే ఏడెనిమిది బెల్టువే.

ఇరవై ఏళ్ల రబ్బరు, మన నల్గొండ ఎండలు. అది సాగి, పైన గాజులాగ నున్నగా అయిపోయి, పుల్లీ మీద జారుతుంటుంది.

ఎంపీ3_ముద్దు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఇంకా సీడీలేంది సామీ, మ్యూజియంలో పెట్టు. పెన్‌డ్రైవ్ పెట్టే స్పీకర్ వెయ్యి రూపాయలకు వస్తుంది, నాయినకు కొనిచ్చి హాయిగా పడుకో.

పానగల్_పిల్లగాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

కొనిస్తా అన్నా, లోపలున్న సీడీ మాత్రం ఎట్ల తీయాలి? స్పీకర్ తీసుకుపోయి పెద్దమనిషికి ఇవ్వాలా?

గద్వాల_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, ట్రే సంగతి తర్వాత చూద్దాం, ముందు సీడీని బయటికి తెచ్చుకో. చాలా ప్లేయర్లలో ట్రే తెరవకుండానే పై నుంచి తీయవచ్చు. మా స్కూల్ ల్యాబ్‌లో పాత ప్లేయర్‌తో నేను ఇదే చేశాను.

ప్లగ్గు పీకేయి. స్విచ్ ఆపితే చాలదు, పిన్ను గోడ నుంచి బయటికి రావాలి. పీకిన తర్వాత కూడా ఓ పది నిమిషాలు ఆగు, కెపాసిటర్లలో కొంత కరెంటు మిగిలి ఉంటుంది. పై మూత స్క్రూలు పక్కలకు రెండేసి, వెనక మూడో నాలుగో ఉంటాయి. అవి తీసి మూతను వెనక్కి కొంచెం జరిపి పైకెత్తాలి. కరెంటు తీగ లోపలికి వచ్చే మూల, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మూల వైపు చేతులు పెట్టొద్దు.

ఇప్పుడు ట్రే మీద అడ్డంగా ఒక వంతెన లాంటి పట్టీ కనిపిస్తుంది, ప్లాస్టిక్‌దో రేకుదో. దాని మధ్యలో గుండ్రటి బిళ్ళ ఉంటుంది. సీడీ ఆడేటప్పుడు కింద నుంచి లెన్సు, మోటారు ఉన్న సెట్టంతా పైకి లేచి, సీడీని ఈ బిళ్ళకు ఆనిస్తుంది. బిళ్ళలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి సీడీ మధ్యలో గట్టిగా పట్టుబడుతుంది. ఆ వంతెనకు రెండు వైపులా స్క్రూలు తీసి పైకెత్తితే బిళ్ళ దాంతో పాటే వస్తుంది, సీడీ పైన ఖాళీ అవుతుంది. అంచులు పట్టుకుని నెమ్మదిగా పైకి తీయి. బలవంతం వద్దు, స్క్రూడ్రైవర్ పెట్టి సీడీని లేపొద్దు.

ఇంకో మాట. మూత తీసిన స్థితిలో ప్లగ్గు పెట్టి ఆడించి లెన్సులోకి తొంగి చూడొద్దు. సీడీ లేజర్ 780 నానోమీటర్లు, పరారుణం, కంటికి దాదాపు కనిపించదు. కనిపించదు కాబట్టి కన్ను దానంతట అది మూసుకోదు, అదే ప్రమాదం. మూత ఉన్నప్పుడు ఏ భయమూ లేదు.

మిర్యాలగూడ_మామ | ఆదివారం, సాయంత్రం 4:40

టీచరమ్మ మంచిగ చెప్పింది. ఒక్కటి కలుపుతా. లోపల వెడల్పుగా పల్చగా కాగితం లాంటి తీగలు ఉంటాయి, లెన్సు నుంచి బోర్డుకు పోయేవి, వాటిని గుంజొద్దు. కొన్ని సాకెట్లకు లాక్ ఉంటుంది, లాక్ ఎత్తకుండా గుంజితే సాకెట్టే ఊడుతుంది, ఆ తర్వాత నువ్వు నాయినకూ, నాయిన పెద్దమనిషికీ మొహం చూపించలేరు. స్క్రూలు తీసినవి తీసినట్టు ఒక పళ్లెంలో వరుసగా పెట్టు, పొడుగువి పొట్టివి కలిస్తే మళ్లీ పరేషాన్. ప్రతి మెట్టుకూ ఫోన్‌లో ఫొటో తీసుకో.

పానగల్_పిల్లగాడు | ఆదివారం, రాత్రి 8:50

మూత తీశా. పెద్దగా దుమ్ము లేదు, ఒక చచ్చిన బొద్దింక మాత్రం ఉంది. వంతెన పట్టీ దొరికింది, రెండు స్క్రూలే. ఎత్తితే లేచింది. సీడీ చేతికి వచ్చింది. టీచరమ్మకు దండం.

కానీ కథ ఇక్కడే తిరిగింది. చేతికి వచ్చిన సీడీ భజన మండలిది కాదు! మా చెల్లె పెండ్లి వీడియో సీడీ. ఇదేంది అని లోపలికి చూస్తే దాని కింద ఇంకో సీడీ ఉంది, అదే భజన మండలిది. రెండూ ఒకదాని మీద ఒకటి. నాయినను అడిగితే "ముందుది తీశాననుకున్నా, అద్దాలు పెట్టుకోలేదు" అన్నాడు.

పాత_రేడియో | ఆదివారం, రాత్రి 9:05

హహ్హ. నలభై ఏళ్లలో ఇది నాకు నాలుగోది. ఒకసారి రెండు సీడీల మధ్యలో ఐదు రూపాయల నోటు కూడా దొరికింది.

గద్వాల_టీచర్ | ఆదివారం, రాత్రి 9:22

అయితే శుక్రవారం ఏం జరిగిందో ఇప్పుడు తెలుస్తుంది. ఒక సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. రెండు పెడితే 2.4 అయింది. కింద సెట్టు పైకి లేస్తుంది గానీ పూర్తిగా లేవడానికి చోటు లేదు, మధ్యలోనే బిగుసుకుంది. చివరిదాకా పోతేనే "మూసుకుంది" అని చెప్పే స్విచ్ నొక్కుకుంటుంది. అది నొక్కుకోలేదు కాబట్టి లోపలి చిప్ మోటారును ఇంకా తిప్పింది, ఇంకా తిప్పింది, బెల్టు పుల్లీ మీద జారీ జారీ నున్నబడింది. తర్వాత తెరవమన్నా బిగుసుకున్న చోటు నుంచి వెనక్కి లాగే పట్టు ఆ బెల్టుకు లేదు. ఓపెన్ అని పడి మళ్లీ క్లోజ్ అని పడడం కూడా అందుకే. కొన్ని సెకన్లలో "తెరుచుకుంది" స్విచ్ నుంచి కబురు రాకపోతే ఏదో అడ్డం పడిందనుకుని చిప్ మోటారును ఎదురు తిప్పుతుంది. చెయ్యి ఇరుక్కుంటే నలగకుండా పెట్టిన ఏర్పాటు అది.

వనపర్తి_వాసి | ఆదివారం, రాత్రి 9:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నా దగ్గర మూడు సీడీలు పట్టే హోమ్ థియేటర్ ఉంది, దానిది ఉల్టా బాధ. ట్రే మంచిగ బయటికి వస్తుంది, చెయ్యి పెట్టేలోపే దానంతట అదే లోపలికి పోతుంది. ఒక్కోసారి నాలుగైదు సార్లు వచ్చిపోయి వచ్చిపోయి ఆగుతుంది. పిల్లలు ఆటలాడుకుంటున్నారు. ఇదీ బెల్టేనా?

గద్వాల_టీచర్ | ఆదివారం, రాత్రి 9:58

చివరిదాకా వస్తుంది కదా, అప్పుడు బెల్టు కాదు. టీచరు భాషలో చెప్పాలంటే ట్రే వచ్చి అటెండెన్స్ పలికింది, చిప్‌కు వినపడలేదు. ఆ కబురు చెప్పే "తెరుచుకుంది" స్విచ్ రెండు చిన్న రేకు ఆకులు, ఒకదానికొకటి తాకితే చాలు. ఏళ్లు గడిస్తే వాటి మీద నల్లటి పొర పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క, లేదా ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తడిపిన మందపాటి కాగితం ముక్క ఆ ఆకుల మధ్య పెట్టి రెండు సార్లు లాగండి. గరుకు కాగితం వద్దు, పైపూత పోతుంది.

పాత_రేడియో | ఆదివారం, రాత్రి 10:10

వనపర్తి తమ్ముడూ, శుభ్రం చేసినా అట్లే చేస్తే ఆ స్విచ్ బోర్డుకు అతికిన చోట టంకం పగిలిందేమో చూడు. ట్రే వచ్చి కొట్టుకునే చోటే కదా అది ఉండేది, దెబ్బలు తిని తిని చుట్టూ ఉంగరంలాగ చీలిక పడుతుంది. మళ్లీ ఒకసారి టంకం కరిగిస్తే సరి.

పిల్లగాడా, సీడీ వచ్చింది కాబట్టి పెద్దమనిషికి ఇచ్చేయొచ్చు. కానీ ప్లేయర్ అట్లే వదిలేస్తావా?

పానగల్_పిల్లగాడు | సోమవారం, ఉదయం 7:15

లేదన్నా. సీడీ ఇద్దామని పోతే పెద్దమనిషి "నవమి నాడు మీ ప్లేయర్‌లోనే గుడి దగ్గర పెడదాం, మా దాంట్లో ఆగి ఆగి పాడుతుంది, రెండూ గురువారం పట్టుకురా" అన్నాడు. ఇప్పుడు సీడీతో పాటు ప్లేయర్ కూడా బాకీ పడ్డా. బెల్టు ఎట్ల తీయాలో చెప్పండి.

పాత_రేడియో | సోమవారం, ఉదయం 8:02

ప్లగ్గు పీకే ఉందా? సరే. వంతెన తీసే ఉంది కదా, ఇప్పుడు పై నుంచి చూస్తే ట్రే ముందు భాగం కింద ఒక పక్కన చిన్న పుల్లీ, దాని పక్కన పెద్ద పుల్లీ, మధ్యలో నల్లటి బెల్టు కొంచెమైనా కనిపించాలి. పెద్ద పుల్లీని వేలితో తిప్పు. ఏ దిక్కు అని అడగకు, మోడల్‌కో రకం, ఒక దిక్కు తిప్పితే బిగుస్తుంది, ఇంకో దిక్కు తిప్పితే లెన్సు సెట్టు కిందికి దిగడం కళ్లతో చూస్తావు. చాలా చుట్లు పడుతుంది, ఓపిక పట్టు. సెట్టు పూర్తిగా దిగాకే ట్రే బయటికి కదలడం మొదలవుతుంది. ఇది అర్థమైతే సగం మెకానిక్ అయినట్టే. ఒకే మోటారు రెండు పనులు చేస్తుంది, ముందు దించుడు, తర్వాత తోసుడు. సెట్టు దిగకముందే ట్రేను పట్టుకుని గుంజినవాళ్లు గేరు పళ్లు విరగ్గొట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు.

బయటికి వచ్చాక ట్రే చివర్లో పక్కన చిన్న ప్లాస్టిక్ నాలుక ఆపుతుంది. దాన్ని వేలితో నొక్కి పట్టి లాగితే ట్రే పూర్తిగా ఊడి వస్తుంది. అప్పుడు బెల్టు ఎదురుగా ఉంటుంది, చిమటాతో తీసేయి.

జడ్చర్ల_జంక్షన్ | సోమవారం, ఉదయం 8:20

కొత్త బెల్టు దొరక్కపోతే పాత బెల్టు వేడి నీళ్లలో ఉడకబెడితే బిగుస్తుందంట కదా? ఈసారి తిట్టకు అన్నా, అడుగుతున్నా అంతే.

పాత_రేడియో | సోమవారం, ఉదయం 8:31

ఈసారి తిట్టను, అది నిజమే. మరుగుతున్న నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేసి తీసి ఆరబెడితే కొంచెం ముడుచుకుంటుంది. వారమో నెలో నడుస్తుంది, మళ్లీ మామూలే. కొత్తది వచ్చేదాకా ఆపద మొక్కు. దానికంటే బేకార్ పనులు రెండున్నాయి. ఒకటి పాల ప్యాకెట్ రబ్బరు బ్యాండు, అది ఎగుడుదిగుడుగా తిరిగి నెలలోపే తెగిపోతుంది. రెండోది సైకిల్ ట్యూబు కోసి రింగు వేయడం. ఊళ్లలో టేప్ రికార్డర్లకు అట్లే వేసేవాళ్లు, నేనూ వేశాను, కాదనను. పాట నీళ్లలో మునిగి పాడినట్టు వచ్చేది.

దిండి_కాలువ | సోమవారం, మధ్యాహ్నం 1:10

బెల్టు కొలత సంగతి చెప్పండి సారు, అందరూ అక్కడే తప్పు చేస్తారు. నేను ఒకసారి పాత బెల్టు కొలిచి సరిగ్గా అంతే తెచ్చాను, అదీ జారింది.

పాత_రేడియో | సోమవారం, మధ్యాహ్నం 1:45

పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి అంతే కొలతది తెస్తే వదులే అవుతుంది. దాన్ని లాగకుండా రెండు మడతలు కలిపి చాపి స్కేలు మీద కొలువు, వచ్చినదాన్ని రెండింతలు చేస్తే చుట్టుకొలత. 3.14తో భాగిస్తే అడ్డం ఎంతో వస్తుంది, దుకాణాల్లో ఎక్కువగా ఆ లెక్కనే అడుగుతారు. అందులోంచి నూటికి ఐదు నుంచి ఎనిమిది వంతులు తగ్గించి తీసుకో. మరీ పొట్టిది వేస్తే మోటారు గొంతు పిసికినట్టవుతుంది, దాని బుష్షు అరుగుతుంది. చతురం (నాలుగు పలకల) బెల్టా బల్లపరుపుదా కూడా చూసుకో, ట్రేకు ఎక్కువగా చతురమే వస్తుంది.

పానగల్_పిల్లగాడు | సోమవారం, రాత్రి 9:30

లెన్సు సెట్టు దిగింది అన్నా! తిప్పీ తిప్పీ వేలు వాచింది గానీ ట్రే బయటికి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. బెల్టు తీశా. చాపి కొలిస్తే 5.1 సెంటీమీటర్లు. అంటే చుట్టు 10.2, అడ్డం 32 మిల్లీమీటర్ల పైన కొంచెం. 30 మిల్లీమీటర్లది, 1.2 మందం చతురం బెల్టు తీసుకోవాలి, లెక్క కరెక్టేనా?

గద్వాల_టీచర్ | సోమవారం, రాత్రి 9:41

కరెక్ట్. పదికి పది.

మిర్యాలగూడ_మామ | సోమవారం, రాత్రి 10:00

ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ పోయేవాళ్ల చేత కోఠీలో గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకో, అక్కడ కట్టలు కట్టలు అమ్ముతారు. కానీ ముందు మన నల్గొండ ప్రకాశం బజారు వైపు పాత టేప్ రికార్డర్ మెకానిక్‌లు ఎవరైనా మిగిలి ఉన్నారేమో తిరుగు. వాళ్ల డబ్బాల్లో ఇట్లాంటివి ఇంకా ఉంటాయి, అమ్ముడుపోక పడి ఉంటాయి, అడిగితే సంతోషపడి రెండు ఎక్కువే ఇస్తారు.

పానగల్_పిల్లగాడు | మంగళవారం, సాయంత్రం 6:25

దొరికింది. క్లాక్ టవర్ దగ్గర బండి పెట్టి ప్రకాశం బజారంతా తిరిగితే ఒక సందులో, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మే దుకాణంలో, వాళ్ల తాత డబ్బాలో దొరికింది. 30 రూపాయలు. పౌడర్ చల్లి పెట్టాడు, ఇంకా మెత్తగా ఉంది.

వేశాను, కానీ సంతోషం నిలవలేదు. ట్రే సగం వరకు వచ్చి ఆగుతుంది, మళ్లీ గుర్‌ర్‌ర్. వేలితో కొంచెం సాయం పడితే వస్తుంది. బెల్టు తీసి చూస్తే కొత్త బెల్టు తడితడిగా మెరుస్తుంది. చెమట పట్టినట్టు. రబ్బరుకు చెమట పడుతుందా?

పాత_రేడియో | మంగళవారం, సాయంత్రం 6:40

పట్టదు. అది నూనె. ఇంట్లో విచారణ మొదలుపెట్టు.

పానగల్_పిల్లగాడు | మంగళవారం, రాత్రి 7:30

విచారణ అయింది. మా అమ్మే సాక్షి. శనివారం మధ్యాహ్నం నాయిన అమ్మ కుట్టు మిషన్ నూనె డబ్బా పట్టుకుని ప్లేయర్ ముందు కూర్చున్నాడట. దబ్బనం పెట్టింది పొడవడానికి కాదంట! దబ్బనం వెంట నూనె చుక్కలు చుక్కలుగా లోపలికి జార్చాడట. "బావి గిలకకు వేస్తే తిరగలేదా" అని ఎదురు అడుగుతున్నాడు. ఆయన పక్కనే కూర్చుని ఇదంతా చదువుతున్నాడు, కాబట్టి మర్యాదగా రాయండి.

మిర్యాలగూడ_మామ | మంగళవారం, రాత్రి 7:42

బావా, నమస్తే. గిలకకు నూనె వేయాల్సిందే, గిలక మీద తాడుకు వేస్తే బిందె ఏమవుతుంది?

పాత_రేడియో | మంగళవారం, రాత్రి 7:55

మామ ఒక్క ముక్కలో తేల్చాడు. బెల్టు, పుల్లీ రెండూ పొడిగా ఉండాలి, జారే కమ్మీలకూ గేరు పళ్లకూ మాత్రమే కొంచెం గ్రీజు ఉండాలి. కుట్టు మిషన్ నూనె పల్చన, అది పాకుతుంది, ఒక చోట వేస్తే పది చోట్లకు పోతుంది. కొంతమంది కొబ్బరినూనె కూడా వేస్తారు, చలికాలంలో అది గడ్డకట్టి దుమ్ముతో కలిసి మైనమైపోతుంది.

ఇప్పుడు పని: సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో ఐపీఏ అని అడుగు, చిన్న సీసా ఇస్తారు. ఇయర్ బడ్‌కు అద్దుకుని రెండు పుల్లీల గాడి లోపలంతా తుడువు, బడ్ తెల్లగా బయటికి వచ్చేదాకా. బెల్టును గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి, మంచినీళ్లలో జాడించి, నీడలో ఆరబెట్టు. కడిగాక బెల్టును వేళ్లతో కాకుండా శుభ్రమైన చిమటాతో పట్టుకో, వేళ్లకూ జిడ్డు ఉంటుంది.

ఎంపీ3_ముద్దు | మంగళవారం, రాత్రి 8:10

కరోనా అప్పటి శానిటైజర్ మా ఇంట్లో ఐదు సీసాలు మిగిలాయి, దాంతో తుడవొచ్చా? (అవును, నేను ఇంకా చదువుతూనే ఉన్నా.)

గద్వాల_టీచర్ | మంగళవారం, రాత్రి 8:19

వద్దు. చేతులు ఎండిపోకుండా చాలావాటిలో గ్లిజరిన్ కలుపుతారు, ఆల్కహాల్ ఆరిపోయాక ఆ జిగురు మిగులుతుంది. నూనె తీసి బంక పెట్టినట్టవుతుంది.

తమ్ముడూ, నూనె లెన్సు మీద పడిందేమో కూడా చూడు. చిన్న నీలం రంగు కన్ను లాంటిది. మబ్బుగా ఉంటే ఇయర్ బడ్ చివర ఐపీఏతో కొంచెం తడిపి, ఈక తాకినట్టు ఒకసారి గుండ్రంగా, తర్వాత పొడి బడ్‌తో ఒకసారి. అది సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే పాడవుతుంది. శుభ్రంగా ఉంటే అసలు ముట్టుకోకు.

పానగల్_పిల్లగాడు | బుధవారం, మధ్యాహ్నం 12:50

లెన్సు మెరుస్తుంది, ముట్టుకోలేదు. పుల్లీలకు ఎనిమిది బడ్‌లు పట్టాయి. పాత గ్రీజు పసుపుగా, బెల్లం పాకం ఆరినట్టు గట్టిగా ఉంది, అదీ అగ్గిపుల్లతో గీకి తుడిచేశాను. కొత్తగా తెల్ల గ్రీజు కొంచెం, కమ్మీల మీద గోరంత పూశాను. బెల్టు వేశాను. మోటారు, గేర్లు మంచిగ తిరుగుతున్నాయి. ఇప్పుడు ట్రే పెడితే లోపలికి పోతుంది గానీ ముందు మూతకూ బాడీకీ మధ్య అర అంగుళం సందు ఉండిపోతుంది. అప్పట్లో ఫొటో తీయమన్నారు, అక్కడొక్కచోటే తీయలేదు.

పాత_రేడియో | బుధవారం, మధ్యాహ్నం 1:05

పళ్లు తప్పాయి. ట్రే అడుగున పొడుగునా పళ్ల వరుస ఉంటుంది, అది గేరు మీద మొదటి పన్ను దగ్గరే కూర్చోవాలి. ఒకటి రెండు పళ్లు అటూ ఇటూ పడితే పూర్తిగా పోదు, లేదా పోయాక లెన్సు సెట్టు లేవదు. ట్రే మళ్లీ ఊడదీయి. పెద్ద గేరును తిప్పి సెట్టును పూర్తిగా కిందికి, అడ్డంగా జరిగే ప్లాస్టిక్ ముక్కను ఆ చివరకు తీసుకుపో, తెరిచినప్పుడు ఎట్లుంటుందో అట్ల. ఇప్పుడు ట్రేను రెండు కమ్మీల్లోకి సమంగా పెట్టి నెమ్మదిగా తోయి, గేరు దానంతట అది అందుకుంటుంది. గేర్ల మీద బాణం గుర్తులో చుక్కలో ఉంటే ఒకదానికొకటి ఎదురు రావాలి. మూత బిగించే ముందు వేలితోనే రెండుసార్లు పూర్తిగా తెరిచి మూయి, ఎక్కడా పట్టకూడదు. వంతెన పెట్టడం మరిచిపోకు, అది లేకుండా సీడీ పెట్టి ఆడిస్తే సీడీ ఎగిరిపడుతుంది, మొదట్లో నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంది మరి.

పానగల్_పిల్లగాడు | బుధవారం, సాయంత్రం 5:40

అయిపోయిందన్నా! మూడోసారికి పళ్లు కుదిరాయి. మూత పెట్టి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కితే ట్రే కొత్త పెండ్లికొడుకు లెక్క మెల్లగా వచ్చింది. ఇరవై సార్లు తెరిచి మూశా. ఇంకో ఐదు సార్లు నాయిన చేశాడు. పెండ్లి సీడీ పెట్టి చూస్తే, ఇది ఆడియో ప్లేయర్ కాబట్టి వీడియో రాలేదు, అది వేరే సంగతి. భజనల సీడీ మంచిగ పాడుతుంది, మధ్యలో ఒకచోట టకటక అంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడిచాను, పోయింది.

వనపర్తి_వాసి | బుధవారం, రాత్రి 8:15

నా ట్రే బాధ కూడా పోయింది! స్విచ్ శుభ్రం చేసినా బాగవలేదు, పాత రేడియో సారు అన్నట్టు టంకం చీలింది. మా పక్కింటి తమ్ముడు అతికించాడు. పిల్లలు మాత్రం నిరాశపడ్డారు.

జడ్చర్ల_జంక్షన్ | గురువారం, ఉదయం 9:10

పిల్లగాడా, నవమి శుభాకాంక్షలు. ప్లేయర్ గుడికి చేరిందా?

పానగల్_పిల్లగాడు | గురువారం, ఉదయం 9:35

పొద్దున్నే నాయిన ఆటోలో పెట్టుకుని పోయాడు. నేను పందిరి పనిలో ఉన్నా.

పాత_రేడియో | గురువారం, ఉదయం 9:38

సీడీ బయటికి తీసే పెట్టుకున్నాడు కదా? లోపల సీడీ ఉంచి మోస్తే ఆటో కుదుపులకు అది పక్కకు జారి మళ్లీ ఇరుక్కుంటుంది.

పానగల్_పిల్లగాడు | గురువారం, ఉదయం 9:41

అడుగుదామని ఫోన్ చేస్తున్నా అన్నా. ఎత్తడం లేదు.